శుక్రుడిది కాని గాలి

జూన్ 3

వదినా,

నువ్వు క్షేమంగా చేరావని అన్నయ్య చెప్పాడు. ఎలా ఉంది, ఎక్కడ పడుకుంటోంది, తిండి సరిపడుతోందా అని అడిగితే "బాగానే ఉందట" అన్నాడు. నీతో అంతసేపు ఫోన్లో మాట్లాడిన మనిషి నాకు తెచ్చిచ్చిన కబురు అదొక్కటే. అందుకే కాగితం పట్టుకున్నాను. ఆ కొండ మీద యాంటెన్నాలకి ఇబ్బందని సెల్‌ఫోన్లు లాక్కుంటారట, ఆఫీసు కంప్యూటర్లో ఇంటి సంగతులు రాయకూడదట. మంచిదే. ఉత్తరంలో అయితే నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ నన్ను తప్పించుకోలేవు.

నా పని మామూలే. ముందుగదిలో బల్ల నిండా జనం నోళ్ళు. మొన్న ఒక పెద్దాయన కట్టుడు పళ్ళు చేయించుకోవడానికి వచ్చి, తన పాత పళ్ళకి ముందు సందు ఉండేదనీ, అదీ పెట్టాలనీ పట్టుబట్టాడు. సందు లేకపోతే మనవరాలు తనని గుర్తుపట్టదట. పెట్టాను.

అసలు సంగతి వేరే. పైగదిలో నువ్వు నాకు అప్పగించి వెళ్ళిన నీ శిష్యురాలు బాగాలేదు. పిచ్చుక అని పేరు పెట్టింది నువ్వే కదా, ఆ పేరుకి తగ్గట్టే మెట్లు దిగుతూ మొదలుపెట్టిన మాట గేటు దాటాకా ఆపేది కాదు. నేను మైనంలో పళ్ళు అమరుస్తుంటే పక్కన నిలబడి "దంతాల అత్తా, ఇది ఎవరి నవ్వు?" అనేది. ఇప్పుడు నోరు విప్పడం లేదు. పగలంతా నా నెత్తి మీద కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ తిరుగుతోంది. పళ్ళెం పైకి పంపితే సగం వెనక్కొస్తోంది. గడ్డం అని మనం పిలిచే నీ రెండో శిష్యుడు వచ్చి కింద నుంచి కేకేస్తే తలనొప్పంటూ కిటికీ మూసేసింది. నిజానికి కిటికీ వేసేటప్పుడు ఆ పిల్ల మొహం చూస్తే అది తలనొప్పి కాదనిపించింది.

నువ్వేమైనా అన్నావా? నీ నోటి సంగతి నాకు తెలుసు. వెంటనే రాయి.

నీ ఆడపడుచు


జూన్ 8

మరదలు పిల్లా,

నీ ఉత్తరం కూరగాయల వ్యానులో వచ్చింది. ఇక్కడ ఉత్తరాలూ ఉల్లిపాయలూ ఒకే సంచీలో దిగుతాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే నువ్వు వంటింట్లోంచి మాట్లాడినట్టే ఉంది.

నేను ఎవర్నీ ఏమీ అనలేదు. అనడానికి తీరిక ఏదీ? ఇక్కడ గాలి ఆగదు. రేకుల కప్పు కింద గది, ఎప్పుడూ ఎవరో తలుపు తడుతున్నట్టు చప్పుడు. లేచి వెళ్తే ఎవరూ ఉండరు. మళ్ళీ కూర్చోబోతే మళ్ళీ చప్పుడు. కుదురుగా ఒక పేజీ రాయలేకపోతున్నాను.

శుక్రుడితో మీకేం పనని నువ్వు వేళాకోళం చేస్తుంటావు కదా, ఇప్పుడు చెప్తాను విను. సూర్యుడి నుంచి ఒక గాలి వీస్తూనే ఉంటుంది. మన భూమికి దాన్ని పక్కకి తప్పించే అయస్కాంతపు గొడుగు ఉంది. శుక్రుడికి లేదు. ఆ గాలి నేరుగా వచ్చి తగిలి, అక్కడి గాలిని కొద్దికొద్దిగా ఊడ్చుకుపోతుంది. మా నౌక ఆ గ్రహం చుట్టూ తిరుగుతూ చూస్తున్నది దాన్నే. గ్రహం వెనక వైపున గాలి ముద్దలు ముద్దలుగా తెగి పోతోందని మాకు గుర్తులు దొరికాయి. గడ్డం థీసిస్ మొత్తం ఆ ముద్దల మీదే. ఈ నెలాఖరున ఇక్కడ కమిటీ కూర్చుంటుంది. నౌకని ఇంకో రెండేళ్ళు నడపాలా, ఆపేయాలా అన్నది తేలుస్తారు. వాళ్ళ ముందు నేను చూపించబోయేది ఆ ముద్దలనే. ఆపేస్తే పిల్లలిద్దరి చదువూ నడిమధ్యలో ఆగుతుంది.

ఆ గ్రాఫులు గీసి పంపాల్సింది మీ పిచ్చుక. ఇంకా పంపలేదు. అలా తిరగడం ఆలోచనలో పడ్డ లక్షణం, భయపడకు. గడ్డంతో మాటలు మానేసిందంటే మాత్రం అది శుక్రుడి గొడవ కాదు, నీకు తోచలేదా? వాళ్ళ వయసులో కిటికీలు ఎందుకు వేసుకుంటారో నన్నడుగుతావేం. అడగదలిస్తే నెమ్మదిగా అడుగు. కానీ మరీ ముద్దు చెయ్యకు. పని చేయించు.

మీ అన్నయ్యకి ఉతికిన బట్టలు ఎక్కడున్నాయో చూపించు. ఆయన కళ్ళెదుటే ఉంటాయి, ఆయనకి కనబడవు.

మీ వదిన


జూన్ 13

వదినా,

నీ మాట విని నవ్వులపాలయ్యాను. గడ్డం వస్తే కూర్చోబెట్టి టీ ఇచ్చి, నెమ్మదిగానే అడిగాను, "ఏం నాయనా, మీ ఇద్దరికీ ఎక్కడ చెడింది?" అని. "ఏం చెడడం అత్తా?" అన్నాడు. "అదే, ప్రేమ" అన్నాను. టీ మొత్తం ముక్కులోంచి వచ్చింది పాపం. నా బల్ల మీద ఆరుతున్న రెండు అచ్చుల మీద పడింది. వాడికి వాళ్ళ ఊళ్ళో పెళ్ళి నిశ్చయమైపోయిందట. ఇదంతా పైనుంచి విన్న పిచ్చుక మెట్ల మీద నిలబడి ఏడ్చినంత పని చేసింది. "మీరు కూడానా అత్తా" అని ఒక్క మాట అని లోపలికి పోయింది.

ఇంతకీ మధ్యలో నన్ను "ముద్దు చెయ్యకు" అంటావా? నీ కడుపున పుట్టకపోయినా నీ దగ్గర చేరిన పిల్లలు వాళ్ళు. నిన్న గది తుడవడానికి వెళ్తే కంప్యూటర్ తెర మీద నీ ఉత్తరం కనబడింది. చదవకూడదు, చదివాను. "గ్రాఫులు ఎక్కడ?" అంతే. పైన పేరు లేదు, కింద పేరు లేదు. దాని కింద ఇంకోటి, అదీ "గ్రాఫులు ఎక్కడ?" అనే. నా పళ్ళ డాక్టర్లు కూడా పన్ను కావాలంటే "అమ్మా, బాగున్నారా" అని మొదలుపెడతారు.

మంచం కింద ఉండాల్సిన సూట్‌కేసు మంచం మీద ఉంది వదినా. ఆ పిల్ల నీకు భయపడి చస్తోంది. చెప్పే ధైర్యం దానికి లేదు కాబట్టి నేను చెప్తున్నాను. నువ్వు మనుషుల్ని కూడా ఆ నౌక మీది యంత్రాల్లాగే చూస్తున్నావు. కబురు పంపితే జవాబు రావాలి, లేకపోతే చెడిపోయినట్టు.

కోపమొస్తే రానీ.

ఆడపడుచు


జూన్ 17

గౌరవనీయులైన ఆడపడుచుగారికి,

తమరి ఉత్తరం అందింది.

నా విద్యార్థులు నాతో చెప్పాల్సినవి తమరితో చెప్పుకుంటున్నారని తెలిసి సంతోషించాను. తమరు ముందుగదిలో ఒక నోరు తప్పుగా చేస్తే మళ్ళీ అచ్చు పోస్తారు. ఇక్కడ నాకు రెండో అచ్చు లేదు. కమిటీ ముందు నిలబడే రోజు ఒక్కటే. పేరు పెట్టి, క్షేమం అడిగి, వాతావరణం గురించి రాసే ఓపిక ఉంటే రాసేదాన్నే.

ఆ అమ్మాయికి నేనంటే భయమని ఇన్నాళ్ళూ నాకు తెలియదు. తెలిసింది కనుక భారం దించేశాను. గ్రాఫుల పని గడ్డానికి అప్పగిస్తూ నిన్ననే ఇద్దరికీ రాశాను. ఇక ఆమెను విశ్రాంతి తీసుకోనివ్వండి.

నా ప్రయోగశాల సంగతి నాకు వదిలేయమని మనవి.

ఇట్లు
యంత్రం


జూన్ 22

వదినా,

నన్ను తర్వాత తిట్టుకో. ముందు ఇది చదువు. వ్యాను దాకా ఆగలేక యాంటెన్నా సామాను తెచ్చే లారీ డ్రైవరు చేతికిచ్చి పంపుతున్నాను. కాపలా గదికి ఫోన్ చేస్తే "మేడమ్ గారు పనిలో ఉన్నారు, కబురు చెప్తాం" అని పెట్టేశారు. అన్నయ్య కూడా ప్రయత్నించాడు.

ఈ ఉదయం పిచ్చుక సూట్‌కేసుతో దిగొచ్చింది. నేను మైనం చెక్కుతున్నాను. "వెళ్ళొస్తాను అత్తా. చదువు మానేస్తున్నాను" అంది. నా చేతిలో కత్తి ఆగిపోయింది.

"మీ మేడమ్ పని లాగేసుకుందనా?"

"అందుకు కాదు. ఆవిడ అలా చెయ్యడం మంచిదే అయింది. నేను గీస్తే అబద్ధం గీసినట్టయ్యేది."

కూర్చోబెట్టాను. అప్పుడు చెప్పింది. నాకు అర్థమైనంత వరకూ నీకు రాస్తాను, తప్పులుంటే నువ్వే దిద్దుకో. ఆ ముద్దలు శుక్రుడివి కావట. నౌక గ్రహం నీడలోంచి ఎండలోకి వచ్చి సోలార్ పలకల రెక్కలు సూర్యుడి వైపు తిప్పుకున్నప్పుడల్లా దాని ఒంటి మీదే కరెంటు పేరుకుని చిటపటమంటుందట, మనం ఉన్ని స్వెటరు విప్పినప్పుడు అన్నట్టు. మీ యంత్రం ఆ చిటపటనే పట్టుకుని గాలి ముద్ద అనుకుంటోందట. నీడ ఉండేది గ్రహం వెనకే కాబట్టి ముద్దలూ వెనకే కనబడ్డాయి, ఎవరికీ అనుమానం రాలేదు. ఆ పిల్ల రెక్కలు తిరిగిన వేళలన్నీ పక్కన పెట్టి చూసుకుంది. ఒక్కటీ తప్పలేదట.

"మీ మేడమ్‌కి చెప్పొచ్చు కదే! తిడుతుందని భయమా?"

ఆ పిల్ల నా వైపు ఎలా చూసిందో తెలుసా వదినా, ఏమీ తెలియని దాన్ని చూసినట్టు. "తిట్టరత్తా. చెప్తే ఆవిడ దాచరు. నేరుగా వెళ్ళి కమిటీ ముందు చెప్పేస్తారు. నౌక ఆగిపోతుంది. గడ్డం థీసిస్ పోతుంది. ఆవిడ ఇన్నేళ్ళ పని పోతుంది. ఆవిడకి తెలియకపోతే అబద్ధం చెప్పినట్టు కాదు కదా. నాకు తెలుసు కాబట్టి నేనే ఇక్కడ ఉండకూడదు."

నువ్వంటే భయం అనుకున్నాను నేను. తప్పంతా అక్కడే మొదలైంది.

నీకు చెప్పనని నాచేత ఒట్టు వేయించుకుంది. వేశాను. మధ్యాహ్నం బస్సుకి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయింది. బస్సు కదిలేదాకా అక్కడే నిలబడ్డాను. ఇంటికొచ్చి ఈ కాగితం తీశాను. ఒట్టు తప్పుతున్నాను. ఆ పిల్ల నా మొహం మళ్ళీ చూడకపోయినా సరే, నువ్వు తెలియకుండా ఆ మనుషుల ముందు నిలబడకూడదు.

నీ ఆడపడుచు


జూన్ 29

మరదలా,

నీ ఉత్తరం సమావేశానికి ముందు రోజు పొద్దున చేరింది. లారీ డ్రైవరు నా చేతికే ఇస్తానని గేటు దగ్గర పోట్లాడాడట.

చదవగానే వచ్చింది కోపం. నీ మీద కాదు. ఆ పిల్ల నాకు తెలియకుండా నన్ను కాపాడాలనుకుందే, నేను అంత చేతకానిదానిలా కనబడ్డానా అని. ఆ తర్వాత రెక్కలు తిరిగిన వేళల పట్టీ తెప్పించుకుని ముద్దల పక్కన పెట్టాను. గంట పట్టలేదు. నాలుగో దాని దగ్గరికే నాకు తెలిసిపోయింది. అయినా చివరిదాకా చూశాను, ఒక్కటైనా తప్పుతుందేమోనని. తప్పలేదు. అలా బయటికి వెళ్ళి పెద్ద యాంటెన్నా చుట్టూ తిరుగుతూనే ఉన్నాను. మీ పిచ్చుక నీ నెత్తి మీద ఎందుకు తిరిగిందో అప్పుడు తెలిసింది.

మర్నాడు కమిటీ ముందు మొదటి బొమ్మ తెర మీద వేసి, "ఇవి శుక్రుడివి కావు, మన నౌకవి" అన్నాను. అధ్యక్షుడు కళ్ళజోడు తీసి తుడుచుకుని అడిగాడు.

"ఇది కనిపెట్టింది ఎవరు?"

"నా విద్యార్థిని."

"వచ్చిందా?"

"లేదు."

"ఎందుకు రాలేదు?"

"నేను రమ్మనలేదు" అన్నాను.

పొడిగింపు రాలేదు. నౌకని ఈ శీతాకాలంలో ఆపేస్తారు. నేను పట్టుబట్టి సాధించింది ఒక్కటే. ఆపేముందు గ్రహానికి దూరంగా, నిండు ఎండలో ఉన్నప్పుడు ఒకసారి కావాలనే రెక్కలు తిప్పి చూడనిస్తారు. అక్కడ శుక్రుడి గాలి ఉండదు కాబట్టి చిటపట వస్తే అది మనదేనని ఖాయమవుతుంది. పిల్లలిద్దరికీ ఈ ఏడాది గడిచేదాకా ఢోకా లేదు. ఆ తర్వాతి సంగతి ఎవరూ మాటివ్వలేదు.

గడ్డానికి అంతా రాశాను, ఈసారి పేరు పెట్టి. జవాబు లేదు. పిచ్చుకకి కాపలా గది నుంచి చేస్తూనే ఉన్నాను. ఫోన్ ఎత్తడం లేదు. నువ్వు ప్రయత్నించావా? యంత్రం అని సంతకం పెట్టిన ఉత్తరం చింపెయ్.

మీ వదిన


జూలై 3

వదినా,

చింపను. ముసలిదానివయ్యాక చూపించి ఏడిపిస్తాను.

పిచ్చుక నా ఫోనూ ఎత్తలేదు. నేనే వెళ్దామని బయల్దేరి, మాట తప్పినదాన్ని ఏ మొహం పెట్టుకుని వెళ్ళనని వీధి మలుపు నుంచి వెనక్కి తిరిగాను. నువ్వే వెళ్ళాలి.

గడ్డం నిన్న వచ్చాడు. అచ్చుల పొడి బస్తా మీద కూలబడి, "నా మూడు అధ్యాయాలు గాలికి పోయాయి అత్తా" అన్నాడు. ఆ మాటకి వాడికే నవ్వొచ్చింది, వెంటనే కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి. వాడి కోపం నీ మీద కాదు. "పక్క కుర్చీలో కూర్చుంటాం. నాకైనా చెప్పాలా వద్దా? నన్ను చూసి జాలిపడిందా?" అని ఒకటే గొణుగుడు. కాసేపటికి ఆమె లెక్కలు కావాలన్నాడు. ఆమె గదిలో వదిలేసిన కాగితాలు నువ్వు చెప్పావని ఇచ్చాను. నువ్వు చెప్పలేదనుకో. "ఇందులో తప్పు పట్టుకుని తీరతాను" అని చంకలో పెట్టుకుపోయాడు. పట్టుకుంటే బాగుండునని నాకూ ఉంది. అన్నయ్యకీ ఉంది, కానీ పైకి అనడు.

వెళ్ళు వదినా. గ్రాఫుల గురించి అడగడానికి కాదు.

నీ ఆడపడుచు


జూలై 9

మరదలా,

వెళ్ళొచ్చాను. తిరుగు ప్రయాణంలో బస్టాండు బెంచీ మీద కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు వంకరపోతే తప్పు నా ఒళ్ళోని సంచీది.

వాళ్ళమ్మ కుట్టుపని చేస్తుంది. తలుపు తీసి, నేనెవరో తెలియగానే గుమ్మానికి అడ్డంగా నిలబడింది. "మా పిల్ల ఏం తప్పు చేసింది?" అంది. ఏమీ చెయ్యలేదని మూడుసార్లు చెప్తే గానీ పక్కకి జరగలేదు. పిచ్చుక పెరట్లో బట్టలు ఆరేస్తోంది. నన్ను చూసి చేతిలోని తడిబట్ట అలాగే పట్టుకుని నిలబడిపోయింది. నీళ్ళు కాళ్ళ మీద కారుతున్నాయి.

"చెప్పేశారా కమిటీకి?" ఇదే మొదటి మాట.

"చెప్పాను."

"నాకు తెలుసు" అని తల తిప్పుకుంది.

"నాకెందుకు చెప్పలేదు?" అన్నాను. అనగానే నిలదీసినట్టుగా వినబడిందని నాకే తెలిసింది.

"మీరు గ్రాఫులు ఎక్కడున్నాయని అడిగారు మేడమ్. ఎలా ఉన్నాయని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే చెప్పేసేదాన్నేమో. అడక్కపోతే బాగుండునని కూడా అనిపించేది."

మరదలా, నువ్వు నన్ను యంత్రమన్నప్పుడు ఇంత గుచ్చుకోలేదు.

పెరటి మెట్టు మీద కూర్చుని, "ఇప్పుడు అడుగుతున్నాను, చెప్పు" అన్నాను. ముందు నసిగింది. అనుమానం ఎక్కడ పుట్టింది, మొదటి గుర్తు ఏ రోజు చూసింది, తన లెక్కే తప్పయి ఉండాలని ఎన్ని రకాలుగా తిరగేసింది, అన్నీ చెప్పింది. మధ్యలో లేచి బట్టలు ఆరేసి వచ్చి మళ్ళీ చెప్పింది. నేను వింటూ కూర్చున్నాను. ఊఁ, ఊఁ అన్నాను. ఈ ఊఁలు తప్పించుకోవడానికి కావు.

నీ మీద మాత్రం కోపంగానే ఉంది. "అత్త ఒట్టు వేసింది" అని రెండుసార్లు అంది. నేను నీ తరఫున వాదించలేదు. అది మీ ఇద్దరి మధ్య ఉన్న సంగతి, నువ్వే తేల్చుకోవాలి.

చదువు మొదలుపెడుతుందో లేదో చెప్పలేదు. రెక్కలు తిప్పే రోజు మాత్రం కొండ మీదికి వస్తానంది. తను చూడకుండా తిప్పొద్దని షరతు. బస్సు వచ్చింది.

మీ వదిన


ఆగస్టు 11

మరదలా,

నిన్న తిప్పారు.

పిచ్చుక ముందు రోజే వచ్చి నా గదిలోనే దిగింది. ఉదయం నుంచి మంచినీళ్ళు కూడా ముట్టలేదు. కబురు అక్కడి నుంచి ఇక్కడికి రావడానికి కొన్ని నిమిషాలు పడుతుంది. ఆ కాసేపు గదిలో ఉన్న పదిమందీ తెర వైపు చూస్తుంటే తను నేల వైపు చూస్తూ కూర్చుంది. గీత సాఫీగా వస్తోంది, వస్తోంది, రెక్కలు తిరిగిన చోటికి రాగానే పైకి లేచింది. శుక్రుడి గాలి ఛాయ కూడా లేని చోట అచ్చంగా అదే ముద్ద. ఎవరో చప్పట్లు కొట్టబోయి ఆగిపోయారు.

పిచ్చుక బయటికి వెళ్ళిపోయింది. వెనకే వెళ్ళాను. గోడకి ఆనుకుని ఏడుస్తోంది. "నేను తప్పయితే బాగుండునని ఇవాళ పొద్దున కూడా అనుకున్నాను మేడమ్" అంది. "నేనూ అనుకున్నాను" అన్నాను. కొంగలా ఒంటికాలి మీద బరువు వేసి, చేతిలోంచి జారి గాలికి ఎగిరిపోయే కాగితాలు రెండో కాలితో తొక్కిపెట్టుకుని మరీ ఏడ్చింది. నవ్వు కూడా వచ్చింది మా ఇద్దరికీ.

మేం ఇన్నాళ్ళూ చూసింది గాలి కాదని రాసి ప్రకటించాలి. ఆ పత్రానికి మొదటి పేరు తనది. తను ఒప్పుకోవడం లేదు. ముందు గడ్డం చదివి సరేననాలంటుంది. లేకపోతే పేరు పెట్టొద్దంటుంది. నీతో మాట్లాడుతుందా అని అడిగావు. ఇంకా లేదు. నీ పేరు ఎత్తితే కిటికీ వైపు చూస్తుంది. నువ్వు మాత్రం రాస్తూ ఉండు. ఉత్తరాలు వచ్చినప్పుడు ఎవరివని తొంగిచూడటం కనిపెట్టాను.

ఇంతలో గడ్డం కాపలా గదికి ఫోన్ చేశాడు. నాకు కాదు, ఆమెకి. రెండు నెలల తర్వాత మొదటి మాట "ఏయ్, నీ లెక్కలో ఒక తప్పు దొరికింది" అనట. రెక్కలు తిప్పే మోటారు కూడా అలాంటి చిటపటే చెయ్యగలదట, అది తేలకుండా మొత్తం నెపం కరెంటు మీద ఎలా వేస్తావని. ఇది నిజమైన ప్రశ్నే. నాకు తట్టలేదు. నౌక ఆగిపోయేలోగా రెక్కలు ఎండకి తిరగకుండా మోటారు మాత్రమే కాస్త కదిలేలా ఇంకోసారి ప్రయత్నించమని అధ్యక్షుణ్ణి బతిమాలుకోవాలి. ఒప్పుకుంటాడో లేదో.

నేనిది కాపలా గది బయట అరుగు మీద కూర్చుని రాస్తున్నాను. లోపల పిచ్చుక రిసీవరు రెండు చేతులా పట్టుకుని "నువ్వు చూడలేదు, నేను చూశాను" అని అరుస్తోంది. అవతల గడ్డం కూడా అరుస్తున్నట్టున్నాడు, ఇక్కడి దాకా వినబడుతోంది. ఫోను కోసం వరసలో నిలబడ్డవాళ్ళు నా వైపు చూస్తున్నారు. కాపలాదారు వచ్చి, "మేడమ్ గారూ, మీ పిల్లలు ఇంక వదలరా?" అని అడుగుతున్నాడు.

మీ వదిన